శుక్రవారం తీర్చిన బాకీ

ప్లీడరు గుమాస్తా అంటే ఇప్పటి పిల్లలకి ఎవడో తెలీదు. నల్లకోటాయన వెనక కాగితాల కట్టలు మోసుకుంటూ నడిచేవాడు అనుకుంటారు. మోసేవాణ్ణే, కాదనను. కాని ఆ కట్టల్లో ఏముందో కోటాయనకంటే ముందు చదివేవాణ్ణి కూడా నేనే. దావాకొచ్చిన పార్టీ మొహం చూసి అది నిలుస్తుందో పడిపోతుందో చెప్పగలిగేవాణ్ణి. మా ప్లీడరుగారు గెలిచిన దావాల గురించి చెప్పుకోవడానికి ఆయన వారసులున్నారు, ఆ పని వాళ్ళకే వదిలేస్తాను. నేను ఓడిపోయిన దావా గురించి చెప్తాను. ముందే చెప్తున్నాను, ఇందులో నా తప్పు వెతక్కండి, లేదు. ఉంటే బాగుండేది. ఏ దేవుడికో దణ్ణం పెట్టుకుని, లెంపలేసుకుని మర్చిపోయేవాణ్ణి.

అరవైల చివరి మాట. విజయనగరం జిల్లా అప్పటికింకా పుట్టలేదు, మా బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. పైన కొండల్లో గొడవలు మొదలయ్యాయి. సావుకార్ల ఇళ్ళమీద పడి అప్పుకాగితాలు తగలబెడుతున్నారని రోజుకో కబురు వచ్చేది. అందులో నిజమెంతో, గాలికబురెంతో తెలీదు గాని, కింద మైదానంలో వడ్డీలకిచ్చేవాళ్ళకి మాత్రం నిద్రపట్టడం మానేసింది. ఎవరి పెట్టెలో ఉన్న పాత నోట్లు వాళ్ళు పైకి తీసి, కాలిపోయేలోగా డబ్బు చేసుకుందామని ప్లీడర్ల చుట్టూ తిరగడం మొదలెట్టారు. మాకు చేతినిండా పని. ఒకరి భయం ఇంకొకరికి జీతం. ఇది లోకం తీరు, నేను కొత్తగా కనిపెట్టింది కాదు.

నోటంటే ప్రోనోటు. రెవెన్యూ స్టాంపు అంటించి, దానిమీద సంతకమో వేలిముద్రో వేయించుకునే అరఠావు కాగితం. అప్పు తీర్చిన రోజున సావుకారు ఆ కాగితం తిరిగి ఇచ్చేస్తాడు, రైతు దాన్ని అక్కడే చింపేస్తాడు. మా వైపు పల్లెల్లో రశీదన్నా, చెల్లన్నా అదే. నోటు చిరిగితే బాకీ తీరినట్టు, చిరక్కపోతే ఉన్నట్టు. ఇంతే లెక్క. మనుషుల మాట మీద బతికినన్నాళ్ళు ఈ లెక్క బాగానే నడిచింది.

ఆ ఏడు వేసవిలో ఒక మొగుడూ పెళ్ళాం మా ఆఫీసు అరుగు ఎక్కారు. బొబ్బిలికి కొంత దూరంలో ఉన్న పల్లె వాళ్ళది. అతను నలభై దాటిన మనిషి, మాట తక్కువ. ఆవిడకి ఆ లోటు లేదు. వాళ్ళకి గరువు భూమి, అంటే మెట్ట, కొంత ఉంది, అందులో నారకి గోగు, తిండికి చోడి పండుతాయి. అదిగాక కాలవ కింద ఎకరం మడి చెక్క ఉంది. ఇంటిల్లిపాదీ వరన్నం తినేది ఆ మడి వల్లనే. ఆవిడ కొంగుముడి విప్పి ఒక కవరు తీసి నా బల్లమీద పెట్టింది. రిజిస్టరు నోటీసు.

అప్పట్లో రిజిస్టరు కవరంటే పల్లెల్లో సగం మంది ముట్టుకునేవారు కాదు. కవరు ముట్టకపోతే అప్పు అంటదని నమ్మకం. పోస్టుమాను దానిమీద ‘నిరాకరించడమైనది’ అని రాసి పంపేసేవాడు. అది అందినట్టే లెక్కని కోర్టు అనేది. అందుకే ఇతన్ని అడిగాను, నువ్వెలా పుచ్చుకున్నావని.

“ఎండన పడి అంత దూరం నడిసొచ్చినాడు బాబూ. ఒద్దు పట్టికెల్లిపో అని ఎలగ అంతాను” అన్నాడు.

ఆ ముక్కతోనే నాకు భయం వేసింది. ఇలాంటివాళ్ళు దావాలకి పనికిరారు.

నోటీసు చదివాను. మా బొబ్బిలి పట్నంలో ఒక పెద్ద బుగత ఉండేవాడు. బుగతంటే మా వైపు భూస్వామి, కలిగినవాడు. ఆయన చనిపోయి కొన్ని నెలలైంది. ఆయన కొడుకు బి.ఏ. చదివినవాడు. తన తండ్రి దగ్గర మీరు అప్పు పుచ్చుకుని నోటు రాసిచ్చారు, అసలూ వడ్డీ పైసా కూడా చెల్లించలేదు, ఈ నోటీసు అందిన పదిహేను రోజుల్లో చెల్లించకపోతే ఖర్చులతో సహా దావా వేస్తానని తన ప్లీడరు చేత రాయించాడు. అన్నీ మామూలు మాటలే. అలాంటివి నేను నిద్రలో కూడా రాయగలను.

“తీర్చీసిన అప్పుకి మల్లీ ఉత్తరమేటి బాబూ?” అంది ఆవిడ. “ఎద్దు సచ్చిపోతే ఇంకో ఎద్దు కోసం తెచ్చుకున్నాం. మరుసటేడు గోగు అమ్మి, అసలూ వడ్డీ అంతా నా సేత్తో నానే ఇచ్చీసినాను.”

ఇంతలో మా ప్లీడరుగారు లోపల్నుంచి వచ్చి కూర్చున్నారు. మంచివాడే. మంచివాడు అనడానికి ముందు రెండుసార్లు ఆలోచించాల్సినంత మంచివాడు.

“తీర్చేస్తే నోటేదమ్మా?” అన్నారు.

“ఇవ్వనేదు.”

“ఎందుకివ్వలేదు?”

“శుక్రోరం కదా బాబూ.”

ప్లీడరుగారు కలం కింద పెట్టారు. నాకు నవ్వు రాలేదు. శుక్రవారం పూట మా అమ్మ కూడా పొరుగింటికి చేరెడు ఉప్పు ఇచ్చేది కాదు. ఇంట్లోకి వచ్చేది ఏదైనా రావచ్చు. ఇంట్లోంచి పోకూడదు. లక్ష్మి పోతుందంటారు.

ఆవిడ చెప్పిన సంగతి ఇది. అతనికి జ్వరం తగిలి మంచం దిగలేని రోజులు. గోగు అమ్మిన డబ్బు ఇంట్లో ఉంటే ఖర్చయిపోతుందని, కొంగున కట్టుకుని ఆవిడే పట్నం వచ్చింది. ఆ రోజు శుక్రవారం. బుగత డబ్బు లెక్కపెట్టుకుని, నోటు తీయడానికి లేచాడట. గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటున్న ఆయన భార్య, “శుక్రారం పూట ఇంట్లోంచి కాయితం బయటికి పంపుతారా, సోమారం రమ్మనండి” అందట. ఆయన సరేనన్నాడు. ఈవిడ కూడా సరేనంది.

“మాయింట్లో మాత్రం శుక్రోరం ఇస్తామేటి? ఆలు సెప్పింది నాయమే అనిపించినాది” అంది.

సోమవారం వెళితే బుగత కూతురి ఊరు వెళ్ళాడు. తర్వాత ఊడ్పులు వచ్చిపడ్డాయి. ఊడ్పులయ్యాక మళ్ళీ వెళ్ళేసరికి బుగతకి పక్షవాతం. కాలూ చెయ్యీ పడిపోయి, నోరు పడిపోయి మంచంలో ఉన్నాడు. నోటు మాట అప్పుడైనా ఎందుకు అడగలేదన్నారు మా ప్లీడరుగారు.

ఈసారి అతను మాట్లాడాడు. “అలగ పడున్న మనిసి దగ్గిర కాయితం గురించి అడుగుతారేటి బాబూ? సూసీసి, రెండు బొప్పాయిపళ్ళు ఎట్టీసి వొచ్చినాం.”

పళ్ళు పెట్టి వచ్చారు. మీకు నవ్వొస్తే నవ్వండి. మా ప్లీడరుగారికి ఒళ్ళు మండింది. అయినా కుర్చీ ముందుకు జరుపుకుని అతనికి అరటిపండు ఒలిచినట్టు చెప్పారు.

“చూడు నాయనా. జవాబు రెండు రకాలుగా ఇవ్వొచ్చు. నోటు నేనే రాసిచ్చాను, బాకీ తీర్చేశాను అన్నావనుకో, తీర్చినట్టు రుజువు నువ్వు చూపించాలి. నీ దగ్గర చీటీముక్క లేదు. ఆ వేలిముద్ర నాది కాదు, ఆ అప్పు సంగతే నేనెరగను అన్నావనుకో, ముద్ర నీదేనని వాళ్ళు రుజువు చెయ్యాలి. నోటు రాసినదెవరు?”

“కరణంగారు. పోనారు.”

“సాక్షి?”

“మా ఊరోడే. ఖరగ్‌పూర్ రైల్వే పనికెల్లిపోనాడు. పత్తా నేడు.”

“ముద్ర ఎలా పడింది?”

“ఇంకు ఎక్కువైపోయి మసిగా పడినాది. బుగతగారు నవ్వినారు కూడా.”

“ఇంకేం కావాలయ్యా? దేవుడు నీ పక్కనే ఉన్నాడు. నాది కాదను. నీ దగ్గర రెండుసార్లు వసూలు చెయ్యాలని వాడు అన్యాయంగా చూస్తున్నాడు. ఆ అన్యాయాన్ని ఆపడానికి ఒక్క అబద్ధం. అంతే.”

“అది నా యేలే బాబూ” అన్నాడు.

“నీ వేలేనని నాకూ తెలుసయ్యా.”

“మరి కాదని ఎలగ అంతాను? ఆ డబ్బుతో కొన్న ఎద్దు మా సాలలోనే ఉన్నాది. పొద్దున్న లెగిసి దాని మొకం సూడాల కదా.”

“ఎద్దు కోర్టుకొచ్చి సాచ్చికం సెప్తాదేటి మావా?” అంది ఆవిడ. అతను ఆవిడకి మేనమామే. “ప్లీడరుబాబు సెప్పినట్టు ఇను. మడి పోతే పిల్లలకేటి ఎడతావు?”

“అంతటి ధర్మరాజే యుద్ధంలో ఒక్కసారి నోరు తడబడ్డాడయ్యా” అన్నారు ప్లీడరుగారు.

“ఆయన రాజ్జెం కోసం ఆడినాడు బాబూ. నాకున్నది ఎకరం సెక్క.”

ఆ మాటకి ప్లీడరుగారు నవ్వారు. నవ్వి, నా వైపు తిరిగి, రెండు జవాబులూ రాసి ఉంచు, రాత్రి ఆలోచించుకుని రేపొచ్చి ఏదో ఒకదానిమీద వేలేస్తాడు అన్నారు. రాశాను. అబద్ధం నాలుగు వాక్యాల్లో అయిపోయింది. నిజం ఠావున్నర పట్టింది. ఎద్దు, గోగు, జ్వరం, శుక్రవారం, పక్షవాతం, అన్నీ రాయాలి కదా. రాసి చదువుకుంటే నాకే అది అబద్ధంలా వినిపించింది.

మర్నాడు అతను వచ్చి ఠావున్నర దానిమీదే వేలు వేశాడు. ఆవిడ అరుగు మీద అటు తిరిగి కూర్చుంది. వెళ్ళేటప్పుడు అతను ముందు నడిచాడు, ఆవిడ బాగా వెనక నడిచింది.

మా జవాబు అందిన వారానికి అవతలి ప్లీడరు గుమాస్తా కోర్టు ఎదురు హోటల్లో కనిపించాడు. మేమిద్దరం కోర్టులో కాగితాలతో కొట్టుకునేవాళ్ళం, హోటల్లో ఒక ప్లేటు పకోడీ పంచుకునేవాళ్ళం. గుమాస్తాలకి ఆ వెసులుబాటు ఉండేది. వాడు నోట్లో పకోడీ పెట్టుకుని, “మీ జవాబు చదివి మా బుగత కొడుకు ఏమన్నాడో తెలుసా? ‘ఒప్పుకున్నాడు కదా, ఇంకేం కావాలి’ అన్నాడు” అన్నాడు.

“తీర్చిన సంగతి అతనికి తెలుసా?” అని అడిగాను.

వాడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “తెలీదని మాత్రం నేననను. వాళ్ళమ్మ చెప్పిందట. తండ్రి తనతో చెప్పలేదు గనక, నోటు చిరగలేదు గనక, తనకి సంబంధం లేదన్నాడు. విజయనగరంలో రైసుమిల్లు పెడతాట్ట. ఉన్న నోట్లన్నీ డబ్బు చేసుకుంటున్నాడు.”

నేను పకోడీ ప్లేటు వాడి వైపు తోసేసి లేచి వచ్చేశాను. వాడిమీద కోపం ఏం లేదు. కోపం వచ్చినప్పుడు ఎవరి ముందు కూర్చున్నామో ఆ మనిషి మీద పోతుంది, అంతే.

దావా పడింది. మా ప్లీడరుగారికి ఇప్పుడు ఒకే ఒక్క సాక్షి కావాలి. ఆ గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ కూర్చున్న బుగత భార్య. ఆవిడ మొగుడు పోయి ఏడాది నిండలేదు, ఇల్లు కదిలే మనిషి కాదు. సంవత్సరీకాలు అయ్యేదాకా గడప దాటకూడదని వాళ్ళ ఆచారం. ఆవిడ ఏమంటుందో ముందు కనుక్కు రమ్మని, నన్నూ రైతు భార్యనూ పంపారు. కొడుకు విజయనగరం వెళ్ళిన రోజు చూసుకుని, పెరటి వైపునుంచి వెళ్ళాం.

వంటింటి పక్క కొట్టుగదిలో చాప మీద కూర్చుని ఉందావిడ. బోసి మెడ, బోసి చేతులు. రైతు భార్యని చూడగానే గుర్తుపట్టింది. పనిమనిషిని పిలిచి మా ఇద్దరికీ మజ్జిగ ఇప్పించింది. నేనెవరో చెప్పాను. దావా సంగతి చెప్పాను. ఆవిడ తలాడించింది. అన్నీ తెలిసినట్టే ఉంది.

“తీర్చీసింది బాబూ. నా కళ్ళ ముందరే తీర్చీసింది. నోటు ఇవ్వొద్దు, శుక్రారం అన్నది నేనే” అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. “అమ్మా, ఈ ఒక్కమాట కోర్టువారితో చెప్పండి. మీరు బయటికి రానక్కర్లేదు, కమిషన్ వేయిస్తాం, ప్లీడరే ఇక్కడికొచ్చి రాసుకుంటాడు” అన్నాను.

ఆవిడ చాప అంచు పీకుతూ తల అడ్డంగా ఊపింది. “కడుపు చించుకుంటే కాళ్ళమీద పడతాది బాబూ” అంది. “ఆయన పోయాక నేను వాడి చేతి కూడు తింటన్నాను. కొడుకు దొంగ లెక్క చెప్పినాడని తల్లి సాక్షికం ఇస్తే, రేపు ఈ గదిలో కూడా నన్నుండనివ్వడు. అడక్కూడదు గాని అడుగుతున్నాను, నన్ను పిలిపించకండి. పిలిపిస్తే తెలీదంటాను.”

రైతు భార్య మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. ముట్టలేదు. “నీ కూడు నువ్వు తిను బుగతమ్మా. మా కూడు మాకు ఇడిసీమన్నాం, అంతే. నీ మాటిని శుక్రోరం నాను ఒట్టి సేతుల్తో ఎల్లిపోనాను. మరి నా మాట నువ్వు ఒక్కపాలి ఇనవేటి?”

“ఆ పూట నా నోరు పడిపోయినా బాగుండును” అంది బుగత భార్య. ఏడుస్తోంది. నిజమైన ఏడుపే. ఆ ఏడుపు వల్ల ఎవరికీ ఒక గింజ ఉపయోగం లేదు. చెడ్డవాళ్ళ చేతిలో నష్టపోతే తిట్టుకోవచ్చు, ఒక తృప్తి ఉంటుంది. ఇలా భయపడ్డ మంచివాళ్ళ చేతిలో నష్టపోతే ఆ తృప్తి కూడా దక్కదు.

ఈ సంగతి చెప్తే మా ప్లీడరుగారు, అయినా సమన్లు పంపిద్దాం, ప్రమాణం చేయించాక నోట నిజం రాకపోదు, చూద్దాం అన్నారు. నాకూ అదే తోచింది. కాని అతను ఒప్పుకోలేదు.

“మొగుడు పోయి మూల కూకున్న తల్లి బాబూ. ఆ తల్లిని పట్టుకుని కొడుకు మీద సెప్పు అని అడుగుతామేటి? ఒద్దు. పాపం తగులుతాది.”

అతని భార్య అప్పుడు కేకలెయ్యలేదు. నెమ్మదిగా అంది. “నీకు అందరి మీదా జాలే మావా. పోస్టోడి మీద జాలి, ఎద్దు మీద జాలి, బుగతమ్మ మీద జాలి. నా మీదే నేదు.”

ప్లీడరుగారు నన్ను చూసి పెదవి విరిచారు. పార్టీ వద్దంటే ప్లీడరు ఏం చేస్తాడు, దస్త్రం మడిచి పక్కన పెట్టారు.

విచారణ రోజున ఆవిడ బోనెక్కింది. డబ్బు కట్టిన మనిషి ఆవిడే గనక ఆవిడే చెప్పాలి. ముందు అంతా తడుముకోకుండా చెప్పింది. తర్వాత అవతలి ప్లీడరు లేచాడు. రశీదుందా అన్నాడు. నేదంది. డబ్బు ముట్టిందని నోటు మీద చెల్లు రాయించావా అన్నాడు. నేదంది. నువ్విచ్చినప్పుడు ఎవరైనా చూశారా అన్నాడు. ఆవిడ తల తిప్పింది. కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్న మొగుణ్ణి చూసింది.

“సూసినోలు ఉన్నారు. రారు” అంది.

“మరి డబ్బంతా కట్టి నోటు ఎందుకు వదిలేసి వెళ్ళావమ్మా?”

“శుక్రోరం బాబూ.”

హాలంతా నవ్వు. అవతలి ప్లీడరు నవ్వాడు, బంట్రోతు నవ్వాడు, వాయిదాకి వచ్చిన పార్టీలు నవ్వారు. వాళ్ళలో ఒక్కడి ఇంట్లో కూడా శుక్రవారం పూట పైసా బయటికి పోదు, నాకు తెలుసు. అయినా నవ్వారు. ఆవిడ జడ్జిగారి వైపు తిరిగి, “తమరింట్లో ఆడోలు మాత్రం శుక్రోరం ఇస్తారేటి బాబూ?” అని అడిగింది. జడ్జిగారు నవ్వలేదు. వేరే జిల్లా నుంచి వచ్చిన కుర్ర జడ్జి, నెమ్మదస్తుడు. అడిగినదానికి జవాబు చెప్పు, ప్రశ్నలు వెయ్యకు అన్నాడు.

తీర్పు ఏమొచ్చి ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. నోటు రాసిచ్చినట్టు ప్రతివాది ఒప్పుకున్నాడు. తీర్చినట్టు రుజువు చేసుకోలేకపోయాడు. ఖర్చులతో సహా డిక్రీ. జడ్జిగారి తప్పు లేదు, ఆయన ముందున్న కాగితాలకి అదే తీర్పు. ఆ నెలలోనే ఇంకో దావాలో మా పార్టీ ఒకడు, నిజంగా అప్పు తిన్నవాడు, వేలు నాది కాదన్నాడు. ముద్ర మసిగా ఉంది. గెలిచాడు. గెలిచి మాకు స్వీట్లు తెచ్చిపెట్టాడు. నేనూ తిన్నాను, దాచడమెందుకు. ఈ కథకి నీతి ఏమిటని ఎవరైనా అడిగితే, డబ్బిచ్చిన చోట రశీదు పుచ్చుకోండి అని చెప్తాను. అంతకంటే పెద్ద నీతి నాకు ఆ కోర్టు ఆవరణలో ఎక్కడా దొరకలేదు.

అప్పీలుకి వాళ్ళ దగ్గర డబ్బు లేదు. డిక్రీ అమలుకి మడి చెక్కని జప్తు చేశారు. వేలం రోజున కోర్టు అమీను ఆ పల్లెకి వెళ్ళాడు. పార్టీ తరఫున నన్ను కూడా వెళ్ళి చూసి రమ్మన్నారు. మడి గట్టు మీద టముకు వేశారు. ఊరు ఊరంతా వచ్చింది. బుగత కొడుకు చలవ కళ్ళద్దాలు పెట్టుకుని, గొడుగు కింద నిలబడ్డాడు. తనూ పాట పాడుకోవచ్చని ముందే కోర్టు అనుమతి తెచ్చుకున్నాడు.

ఆ మడి మంచి మడి. కాలవ నీళ్ళు ముందు దానికే అందుతాయి. ఊళ్ళో కొనగలిగినవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. నలుగురు పాడితే ధర పెరుగుతుంది, డిక్రీ సొమ్ము పోగా నాలుగు డబ్బులు వాళ్ళ చేతికి మిగులుతాయి, ఆ డబ్బుతో ఇంకో చెక్క కౌలుకైనా తీసుకోవచ్చు. నేను పెట్టుకున్న ఆశ అదొక్కటే.

అమీను పాట మొదలెట్టాడు. ఎవరూ నోరు విప్పలేదు. ఊరి పెద్ద ఒకాయన నా పక్కనే చుట్ట కాల్చుకుంటూ నిలబడ్డాడు. ఆయన చెవిలో మెల్లగా చెప్పాను. “ఎవరో ఒకరు పాడండి. ధర పెరిగితే మీవాడికే మంచిది.”

ఆయన నన్ను పురుగుని చూసినట్టు చూశాడు. “మా ఊరోడి నోటికాడ కూడు మేం పాడుకుంతామేటి? రాత్రి కూకుని కట్టు కట్టినాం. మా ఊల్లో ఎవుడూ పాడడు. పాడినోడికి నిప్పూ నీల్లూ నేవు.”

“అది కాదు బాబాయ్, మీరెవరూ పాడకపోతే...”

“నువ్వు కోర్టోడివి. నీకు మా పరువు తెల్దు. ఊరుకో.”

కట్టు కట్టిందే ఆ మొగుడూ పెళ్ళాల కోసం. వాళ్ళ మీద ప్రేమతోటే. నేను బతిమాలాను. ఇంకో ఇద్దరి దగ్గరికి కూడా వెళ్ళాను. వాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. ఆ రైతుతో అందామంటే, అతను మడికి ఎడంగా, గరువు గట్టున తల వంచుకుని కూర్చున్నాడు. భార్య ఇంటిదగ్గరే ఉండిపోయింది, రాలేదు.

బుగత కొడుకు ఒక పాట పాడాడు. సర్కారు వారి కనీసపు పాటకి పైన ఒక మెట్టు, అంతే. అమీను ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు. ఊరంతా చేతులు కట్టుకుని, ఛాతీలు విరుచుకుని నిలబడింది. మూడోసారి అని కొట్టేశాడు. కోడిపిల్ల ధరకి గేదె వెళ్ళిపోయినట్టు వెళ్ళిపోయింది ఆ మడి. బుగత కొడుకు తన అదృష్టం తనే నమ్మలేక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఊరి పెద్ద మీసం మీద చెయ్యి వేసుకుని నా దగ్గరికొచ్చాడు. “సూసినావా గుమాస్తాబాబూ. ఒక్కడూ నోరిప్పనేదు. ఆడికి బుద్దొచ్చుంటాది” అన్నాడు.

మడి పోయింది, వచ్చిన ధర డిక్రీ సొమ్ములో సగానికి కూడా సరిపోలేదు, మిగతా బాకీ అలాగే ఉంది, ఆ బాకీకి మిగిలిన గరువు కూడా పోవచ్చు అని ఆయనకి అక్కడ నిలబడి చెప్పగలిగే నోరు నాకు లేదు. బస్సెక్కి వచ్చేశాను. దారంతా ఎవర్ని తిట్టాలో వెతుక్కున్నాను. బుగత కొడుకు ఒక్కడే దొరికాడు. అంత తిట్టుకి ఒక్కడు సరిపోడు.

కొన్ని నెలలకి అతను ఒక్కడే మా అరుగు ఎక్కాడు. చిక్కిపోయాడు. భార్య ఏదని అడిగితే, కూలికెల్లినాది అన్నాడు. చేతిలో రిజిస్టరు కవరు. విప్పి చూశాను. మిగిలిన బాకీ ఇంత, దానిమీద ఇప్పటిదాకా వడ్డీ ఇంత, వెంటనే చెల్లించకపోతే గరువు భూమి కూడా జప్తు చేయిస్తామని అవతలి ప్లీడరు రాశాడు.

“జవాబు రాయాలి బాబూ” అన్నాడు.

“ఏమని రాయమంటావు?”

“నాది కాదని రాసీ. ఆ యేలు నాది కాదు, ఆ అప్పు నానెరగనని రాసీ. మా ఆడది మొదట్లోనే మొత్తుకున్నాది. ఇప్పుడు ఇంతన్నాను.”

లోపల మా ప్లీడరుగారు ఏదో చదువుతున్నారు. ఈ మాట ఆయనకి వినిపించింది. కాగితం తిప్పే చప్పుడు ఆగిపోయింది. బయటికి మాత్రం రాలేదు. చెప్పవలసిన పని నాకే మిగిలింది.

“అది ఇప్పుడు కుదరదయ్యా. డిక్రీ అయిపోయాక వేలెవరిదని ఎవరూ అడగరు.”

“నువ్వే రాసినావు కదా అప్పుడు, నాలుగు ముక్కలు. ఆ కాయితం ఇచ్చీ. దానిమీద యేలేసిస్తాను.”

“చెల్లదు. అది అప్పుడైతే చెల్లేది.”

“అయితే ఇప్పుడు అబద్దమాడినా లాబం నేదంతావు.”

“లేదు.”

అతను కవరు తిరిగి తీసుకుని నాలుగు మడతలు పెట్టి మొలలో దోపుకున్నాడు. “ఆ ముక్క ఏదో అప్పుడే ఆడీసుంటే పోయీది” అన్నాడు. మామూలుగా అన్నాడు, ఊడ్పులు రెండు రోజులు ముందు మొదలెడితే బాగుండేదన్నట్టు. వెళ్ళొస్తాను బాబూ అని అరుగు దిగి వెళ్ళిపోయాడు.

మడి పోయిన రోజున నేను ఇంటికెళ్ళి అన్నం తిన్నాను. అతను ఆ మాట అని వెళ్ళిన రోజున తినలేకపోయాను.